వాలు మీది చీలలు

స్కేలు గారు నిలబడి చూసినంతసేపూ ఎవరికీ భయం ఉండదు. జేబులోంచి రుమాలు తీసి నేల మీద పరిచి, దాని మీద మోకాళ్లు ఆనించాడంటే మాత్రం ఎంతటివాడికైనా గుండెల్లో రాయి పడుతుంది. చిన్న రైళ్ల సంఘంలో పాతవాళ్లందరూ కొత్తవాళ్లకి చెప్పే మాట ఇది. ఆయన ఆ సంఘానికి కార్యదర్శి. ఉద్యోగం చేసినన్నాళ్లూ రైల్వే డ్రాయింగు ఆఫీసులో నక్షాలు గీశాడు. చొక్కా జేబులో ఆరంగుళాల ఉక్కు స్కేలు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు. ఆ స్కేలే చివరికి పేరై కూర్చుంది.

ఆ ఆదివారం పొద్దున ఆయన పళ్ల మేడమ్ ఇంట్లో, మేడ మీది గదిలో రుమాలు పరిచాడు.

పళ్ల మేడమ్ అన్నదీ సంఘం పెట్టిన పేరే. ఆమె కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. నాలుగేళ్లుగా ఈ గదిలో గోడ వెంబడి పద్నాలుగడుగుల బల్ల మీద ఒక రైలు దారి కడుతోంది. ఒక స్టేషను చివరి భాగం, అక్కడికి ఎక్కి వచ్చే వాలు, పక్కనే కొండచరియ. పైకి ఒక దారి, కిందికి ఒక దారి. అన్నీ అసలు కొలతల్లో డెబ్బై ఆరో వంతు. అంగడిలో దొరికే పట్టాలు కావు. పట్టాల కింద అడ్డంగా వేసే స్లీపర్లని ఒక్కొక్కటే చెక్కలోంచి కోసి, పట్టాని పట్టుకునే ఇనుప దవడలన్నీ తనే అచ్చు పోసుకుంది. ఇనుపవన్నది పేరుకే. కట్టుడు పళ్ల చిగుళ్లకి వాడే గులాబీ పొడితో పోసి తుప్పు రంగు వేసింది. "లోకంలో చిగుళ్ల మీద నడిచే రైలు మా ఇంట్లోనే ఉంది," అని ఆమె భర్త వచ్చినవాళ్లందరికీ చెప్తుంటాడు.

ఆయన బస్సు డిపోలో టైమ్ కీపరు. ఇప్పుడు టీ కప్పుల పళ్లెం పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయాడు, లోపలికి రావాలో వద్దో తెలియక. కిటికీ పక్కన కుర్చీలో ఆమె తండ్రి కూర్చుని ఉన్నాడు. ఎనభై రెండేళ్ల మనిషి. ఉతికిన చొక్కా వేసుకుని, పైగుండీ దాకా పెట్టుకున్నాడు.

స్కేలు గారు పట్టాల మధ్య ఎడం కొలిచే ఇత్తడి ముక్కని ఈ కొస నుంచి ఆ కొస దాకా జరిపాడు. అది ఎక్కడా పట్టేయలేదు, ఎక్కడా ఊగలేదు. "ఊఁ," అన్నాడు. ఆయన ఊఁ అన్నాడంటే ఇంకొకరు శాలువా కప్పినట్టు. స్లీపర్ల ఎడం కొలిచాడు. మళ్లీ ఊఁ. తర్వాత భూతద్దం తీసి ఎక్కుడు దారి మీదికి వంగాడు. అక్కడ చాలాసేపు ఉండిపోయాడు.

"అమ్మా, ఈ ఎక్కుడు దారిలో చీలలు ఎవరు పెట్టారు?"

"నేనేనండీ."

"అన్నీనా?"

"మూడు వందల ఎనభై. అన్నీ నేనే."

"అన్నీ తిరగబడి ఉన్నాయి."

పట్టాకీ, దాన్ని పట్టుకునే దవడకీ మధ్య సందు ఉంటుంది. ఆ సందులో సుత్తితో బిగగొట్టే చెక్క ముక్కే చీల. ఒక కొస లావు, ఒక కొస సన్నం. అసలు చీల జానెడు ఉంటుంది. ఈ బల్ల మీదది బియ్యపు గింజలో సగం కూడా ఉండదు. పలచటి చెక్కలోంచి కోసి, ఒక్కొక్క దాన్నీ పటకారుతో పట్టుకుని సన్నగా అరగదీసి, టీ డికాషన్లో నానబెట్టి రంగు తెప్పించి, తెల్ల జిగురు చుక్కతో కూర్చోబెట్టింది ఆమె. ఆ చీల ఏ వైపు తిరిగి ఉందో చూడాలంటే భూతద్దం కావాలి. స్కేలు గారి దగ్గర భూతద్దం ఉంది.

"తిరగబడలేదండీ," అంది ఆమె. "అక్కడ అలాగే కొట్టేవారు."

"ఎవరు?"

"నాన్న. ఆ వాలు మీద కీమ్యాను ఆయనే."

రోజూ తెల్లవారగానే సుత్తి భుజాన వేసుకుని, తన వంతు దారి పొడుగునా నడిచి, వదులైన చీలల్ని బిగగొట్టే మనిషిని రైల్వేలో కీమ్యాను అంటారు. ఈ వీధిలో ఆ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. కీ అంటే ఈ చీల అని తెలియక, తాళం చెవి అనుకుని ఆయన్ని తాళాల తాతయ్య అంటారు. తాళం పడిపోయిందనీ, బీరువా తెరుచుకోవడం లేదనీ ఇప్పటికీ ఎవరో ఒకరు వస్తుంటారు. ఆయన కాదనడు. కొబ్బరినూనె సీసా పట్టుకుని వాళ్ల వెంట వెళ్తాడు.

స్కేలు గారు కుర్చీ వైపు తిరిగాడు. గొంతులో మర్యాద ఏమీ తగ్గలేదు. "పెద్దాయనా, రైలు ఏ వైపు పోతే చీల సన్న కొస ఆ వైపు ఉండాలి. అది నిబంధన. మా ఆఫీసులో గీసిన నక్షాల్లో కూడా అంతే. ఇది ఎక్కే దారి కాబట్టి సన్న కొస పైకి ఉండాలి. ఇక్కడ అన్నీ కిందికి ఉన్నాయి. చాలా ఏళ్లయింది కదా, మీకు గుర్తు లేకపోవచ్చు."

ఆమె తండ్రి వైపు చూసింది. ఇప్పుడు చెప్తాడు అనుకుంది. ఆయన చొక్కా పైగుండీ తడుముకున్నాడు.

"అయ్యుండొచ్చండీ," అన్నాడు.

స్కేలు గారు రుమాలు దులిపి మడత పెట్టుకున్నాడు. టీ తాగాడు, బాగుందన్నాడు. బల్ల కొసన నిలబడి దారంతా ఒక్కసారి కళ్లతో నడిచి వచ్చి, మెల్లిగా చెప్పాడు. "అమ్మా, ఇంత మంచి పని నేను పదేళ్లలో చూడలేదు. పై నెల ప్రదర్శనలో పెద్ద హాల్లో మధ్య స్థలం దీనికే ఇద్దామని వచ్చాను. కానీ పెద్ద హాలు ఉన్నది ఉన్నట్టు కట్టినవాటికి. శనివారం మళ్లీ వస్తాను. చీలలు సరిచేస్తే సరే. లేదంటే పక్క హాల్లో పెట్టాలి. కల్పిత నమూనాల వరుసలో."

"కల్పితమా," అన్నాడు గుమ్మంలోంచి టైమ్ కీపరు. "మా మామగారి మోకాళ్ల నొప్పులు కూడా ఆ వరుసలో పెట్టేసుకోండి, పుణ్యం ఉంటుంది."

ఎవరూ నవ్వలేదు. స్కేలు గారు కొంచెం నవ్వబోయి మానేశాడు.

ఆయన మెట్లు దిగిపోయాక ఆమె బల్ల మీద దీపం ఆర్పింది. "ఒక్కటంటే ఒక్కటి తిప్పను," అంది.

తండ్రి ఖాళీ కప్పులు ఒక్కొక్కటే పళ్లెంలో సర్దుతున్నాడు.

సోమవారం ల్యాబులో ఆమె చేతికి కింది దవడ పళ్ల సెట్టు ఒకటి వచ్చింది. రెండోసారి తిరిగొచ్చిన సెట్టు. ముసలావిడకి నొక్కుకుంటోందట. డాక్టరు చీటీ మీద 'కొలతలు సరిగ్గానే ఉన్నాయి, పేషెంటుకి అలవాటు కాలేదు' అని రాశాడు. ఆమె దాన్ని వెలుగులో తిప్పి చూసింది. లోపలి అంచు దగ్గర వేలికి కూడా తెలియనంత గరుకు. నాలుకతో తడిమితే తెలిసింది. మెత్తటి రాయి పెట్టి రెండు నిమిషాలు అరగదీసింది. కొలత కొలతే, నొప్పి నొప్పే. నొప్పి ఉన్నవాళ్లని అడక్కుండా కొలత చూసుకుని ఇంటికి పోయేవాళ్లంటే ఆమెకి మొదట్నుంచీ పడదు.

మధ్యాహ్నం టీ వేళ, చీటీల వెనకాల సంఘానికి ఉత్తరం రాసింది. మూడు సార్లు కొట్టేసి మళ్లీ రాసింది. 'మా అమ్మ చెప్పిన ప్రకారం' అని మొదలుపెట్టి, అది కొట్టేసి, 'మా నాన్నగారు స్వయంగా' అని రాసి, పంపకుండా సంచిలో పెట్టుకుంది.

అమ్మ చెప్పిన మాటలు ఆమెకి కంఠతా వచ్చు. జడ వేస్తూ చెప్పేది. చిక్కు తీసినప్పుడల్లా తల వెనక్కి లాగుతూ చెప్పేది. పెద్దాఫీసరు వచ్చి ఇవి తిప్పి కొట్టవోయ్ అన్నాడట. మీ నాన్న సుత్తి కిందపెట్టి, మీరు కొట్టండి, మర్నాటికి నిలిస్తే నేను ఉద్యోగం మానేస్తాను అన్నాడట. ఆఫీసరు నోరు మూసుకుని వెళ్లిపోయాడట. కొట్టినవి కొట్టినట్టే ఉన్నాయట. అమ్మ పోయి తొమ్మిదేళ్లు. ఆ కథ ఇప్పటికీ జడలాగే ఆమె వీపు మీద ఉంటుంది.

అందుకే ఈ బల్ల. స్టేషను, కొండ, సిగ్నలు, అన్నీ ఆ మూడు వందల ఎనభై చీలల కోసం కట్టినవే. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. భర్తకి తెలుసు. ఆయన మాత్రం తనకి తెలియనట్టు ఉంటాడు. ఆయనలో ఆమెకి నచ్చేవాటిలో అదొకటి.

మంగళవారం ఇంటికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. మేడ మీద దీపం వెలుగుతోంది.

తండ్రి బల్ల ముందు కుర్చీ వేసుకుని, ఆమె పెద్ద భూతద్దం తలకి తగిలించుకుని, గిన్నెలో నీళ్లు, సన్న కుంచె పెట్టుకుని పని చేస్తున్నాడు. వాలు మొదట్లో చీలల మీద కుంచెతో తడి పెట్టి, జిగురు నానేదాకా ఆగి, పటకారుతో పీకుతున్నాడు. పదకొండు పీకాడు. మూడు విరిగాయి. విరిగిన ముక్కల్ని కూడా పడెయ్యకుండా కాగితం మీద వరుసగా పెట్టాడు.

"ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని?"

"నేనే. మూడు విరిగాయమ్మా. చెయ్యి నిలవట్లేదు."

"దాని సంగతి కాదు నాన్నా. ఆయన అలా అన్నాడని మీరు పీకేస్తారా? ఆయనంటే భయమా మీకు?"

"ఆయనంటే భయమెందుకు? టీ తాగి నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్లాడు పాపం."

"మొన్న నోరు విప్పితే ఏం పోయింది? అయ్యుండొచ్చండీ అంటారేమిటి? ఉత్తరం రాశాను నేను. ఒకటి కాదు, మూడు రాశాను."

ఆయన అద్దం నుదుటి మీదికి నెట్టాడు. అద్దం వెనక నుంచి బయటపడ్డ కళ్లు ఉన్నట్టుండి చిన్నవైపోయాయి. "నీ బల్ల ఏ ఏడాదిది?" అన్నాడు.

"మీకు తెలీదా? సరుకుల షెడ్డుకి కొత్త రేకులు వేసిన ఏడాది. నన్ను బళ్లో వేసిన ఏడాది."

"ఏ నెల?"

"ఎండలు ముదిరిన నెల. చెట్లకి ఆకులు పెట్టలేదు, చూడండి."

"అప్పటికి తిప్పేశానమ్మా."

ఏమిటి తిప్పింది, అని అడగబోయింది. అడగకుండానే తెలిసిపోయింది. అయినా అడిగింది.

"ఏమిటి?"

"చీలలు. మూడు నెలలు నాకు తోచినట్టు కొట్టాను. ఆ మూడు నెలల్లో పడ్డవి రెండే. తర్వాత ఇన్‌స్పెక్టరు చూశాడు. తప్పు నాదేనని కాగితం రాసిమ్మన్నాడు, లేకపోతే క్వార్టరు ఖాళీ చెయ్యమన్నాడు. నీకు కొత్త పలక కొన్నాం అప్పుడే. రాసిచ్చాను. తిప్పి కొట్టడానికి నాలుగు రోజులు పట్టింది." కుంచె కడిగి గిన్నె అంచు మీద ఆనించాడు. "ఉన్నది ఉన్నట్టు కట్టాలన్నాడు కదా ఆయన. ఉన్నది అదీ."

"మరి అమ్మ..."

"మీ అమ్మ నీకు జడ వేస్తూ చెప్పేది నాకూ వినబడేది. అవతల గదిలో మొహం కడుక్కుంటూ ఉండేవాణ్ని. కాదనాలనిపించేది కాదు. ఆ కథలో నేను బాగుండేవాణ్ని." కుంచె మళ్లీ చేతిలోకి తీసుకుని, "ఒక్కసారైనా నాతో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాట ఎత్తలేదు మీ అమ్మ. కాగితం సంగతి ఆవిడకి తెలుసు. ఎత్తలేదు," అన్నాడు.

ఆమె ఎత్తుపీట మీద కూర్చుంది. నాలుగేళ్లు. మూడు వందల ఎనభై. కాళ్ల కింద నేల ఉందో లేదో చూసుకున్నట్టు పీట కోడు పట్టుకుంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. అమ్మ మీద తెచ్చుకుందామంటే చేతకాలేదు. పలక కొన్నందుకు నాన్న మీదా చేతకాలేదు. కింద వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టి, కొట్టి, ఊరుకున్నారు.

"అసలు మీరు కిందికెందుకు కొట్టారు?" అని అడిగింది చివరికి. ఇన్నేళ్లలో అది అడగలేదని అప్పుడు తెలిసింది. అమ్మ కథలో ఆ వివరం లేదు. అమ్మకి అది అక్కర్లేదు.

ఆయన లేచి గుమ్మం దగ్గరున్న కాళ్లు తుడుచుకునే గోనెగుడ్డని లాగి నున్నటి నేల మీద వేశాడు. దాని మీద నిలబడి మెట్టెక్కుతున్నట్టు ముందుకి కాలు ఒత్తాడు. గుడ్డ వెనక్కి జారింది. ఆమె చటుక్కున ఆయన చెయ్యి పట్టుకుంది.

"చూశావా? మనిషి ముందుకి పోతే కింద ఉన్నది వెనక్కి పోతుంది. బరువు లాగుతూ ఎక్కే ఇంజను కూడా పట్టాని వెనక్కి తంతుంది. చదునుగా ఉన్నచోట రైలుతో పాటు పట్టా ముందుకి పాకుతుంది, అక్కడ రూలు సరే. ఈ వాలు మీద పట్టా కిందికి పాకుతుంది. సన్న కొస పైకి పెట్టి కొడితే, పాకే పట్టా చీలని లావు కొస వైపు లాగేస్తుంది. ఊడి పడుతుంది. కిందికి పెట్టి కొడితే పాకినకొద్దీ బిగుస్తుంది. ఇందులో చదువేమీ లేదు. రోజూ నడిచేవాడికి తెలుస్తుంది."

"తిప్పాక పడేవా?"

"పడక?"

"ఎన్ని?"

"ఎండాకాలం రోజుకి ముప్పై, నలభై. ఏరుకుని మళ్లీ అటే కొట్టేవాణ్ని. రూలు కదా. కొత్తరకం స్లీపర్లు వచ్చేదాకా. పంతొమ్మిదేళ్లు."

ఆయన ఆ మాట పొద్దున టిఫిను అయిందా అన్నంత మామూలుగా అన్నాడు. ఆమె మాత్రం బల్ల వైపు తిరిగి, నాలుగేళ్లుగా తను కట్టిన ఆ నున్నటి దారిని, ఒక్క చీల కూడా చెదరని దారిని, కొత్తగా చూసింది. ఇక్కడ ఒక మనిషి పంతొమ్మిదేళ్లు వంగి లేచిన గుర్తు ఒక్కటి లేదు.

"ఎక్కడెక్కడ పడేవి నాన్నా?"

"అదంతా ఇప్పుడెందుకమ్మా?"

"ఎక్కడ?"

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. అద్దం మళ్లీ కళ్ల మీదికి దించుకుని, బల్ల మీదికి వంగాడు. వేలు పెట్టలేదు, చూపించాడంతే. "కొండ నీడ ఉన్నంత మేరా తక్కువ. ఎండ పడే చోట చెక్క ఎండి సన్నబడుతుంది, అక్కడ ఎక్కువ. పట్టాల అతుకు దగ్గర అటూ ఇటూ తప్పకుండా పోయేవి. ఇదిగో, సిగ్నలు ముందర బండి ఆగి మళ్లీ కదిలే చోట వరసపెట్టి పడేవి. ఇంజను అక్కడే గట్టిగా తన్నేది."

"సరే," అంది ఆమె. చీర కొంగు బిగించుకుని గిన్నెలో నీళ్లు మార్చింది. "ఆయన చెప్పినట్టే చేద్దాం. ఒక్కటి వదలకుండా రూలు ప్రకారం కొడదాం. రూలు ప్రకారం పడనిద్దాం."

బుధ, గురు, శుక్రవారాలు ల్యాబు నుంచి రాగానే ఆమె మెట్లెక్కేసేది. విరిగిన మూడింటికి తప్ప కొత్తగా చీలలు చెయ్యాల్సిన పని లేదు. తడి పెట్టి, ఆగి, పీకి, తిప్పి, మళ్లీ కూర్చోబెట్టడమే. ఒక్కో దానికి నిమిషం. టైమ్ కీపరు కాగితం మీద గళ్లు గీసుకుని, ఒక్కొక్కటి తిరిగినప్పుడల్లా ఒక గీత పెట్టేవాడు.

"రెండు వందల పన్నెండో బండి బయల్దేరింది," అనేవాడు డిపోలో మైకు ముందు అన్నట్టు. "రెండు వందల పదమూడు ఆలస్యంగా నడుస్తున్నది, డ్రైవరు తుమ్మినందువల్ల."

"మీరు కాసేపు ఊరుకుంటే డ్రైవరు తుమ్మదు."

"ఏమోయ్, ఒక మాట. ఆయన ఇది కూడా కాదంటే?"

"అననివ్వండి."

"అది కాదు. మామయ్యని నలుగురిలో పెడుతున్నాం కదా. ఈయన రూలుకి లొంగాడని తెలుస్తుంది."

ఆమె పటకారు ఆపింది. ఆ భయం ఆమెకీ ఉంది. పైకి అన్నందుకు భర్త మీద కోపం వచ్చింది, తనొక్కతే మోయనక్కర్లేదని తెలిసి కోపం పోయింది. "నాన్నని అడుగుతాను," అంది. అడగలేదు. అడగడానికి వెళ్లినప్పుడల్లా ఆయన పనిలో ఉన్నాడు.

పడిపోయిన చీలల పని ఆయనది. నలభై ఒక్క దవడలు ఖాళీగా ఉంచమన్నాడు, ఎక్కడెక్కడో గుర్తులు పెట్టి ఇచ్చాడు. కంకర మీద చీలల్ని పడేయడం మాత్రం తనే చేస్తానన్నాడు. దవడలో ఉండే చీలని సూటిగా కూర్చోబెట్టాలంటే చెయ్యి కదలకూడదు. ఆయన చేతికి ఆ భాగ్యం పోయి చాలా కాలమైంది. పడ్డ చీలకి అదేమీ లేదు. ఎలా పడినా పడ్డట్టే. వణికే చెయ్యి పటకారు వదిలేసరికి చీల ఒకటి అడ్డంగా, ఒకటి వాలుగా, ఒకటి రెండు రాళ్ల మధ్య నిలువుగా పడింది. ఆమె ఎంత ప్రయత్నించినా అంత సహజంగా పెట్టలేకపోయేది. లోకంలో వణికే చేతుల కోసం కూడా ఒక పని ఉన్నందుకు ఆమె ఎవరికో మనసులో దండం పెట్టుకుంది.

శుక్రవారం చీకటి పడకముందే ఆయన ఆమెని పిలిచాడు. "ఈ పడ్డవాటికి ఒక పక్క రంగు తగ్గించమ్మా. దవడ లోపల ఉన్న పక్క ఎండ తగలదు, తెల్లగా ఉంటుంది. రాళ్లలో ఆ తెలుపు చూసే ఏరేవాణ్ని."

ఆమె నలభై ఒక్క చీలలకీ ఒక పక్క రంగు గీకింది.

శనివారం స్కేలు గారు చెప్పిన వేళకి వచ్చాడు. చంకలో కాగితాల అట్ట, చేతిలో నిబంధనల పుస్తకం. వాదన వస్తుందని తెచ్చుకున్నట్టున్నాడు. రుమాలు పరిచి, మోకాళ్లు ఆనించి, భూతద్దం పెట్టాడు. వాలు కింది కొస నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి వచ్చాడు.

"ఊఁ," అన్నాడు. ముఖం విప్పారింది. "నాకు తెలుసు, మీరు..." అంటూ ఆగాడు.

భూతద్దం వెనక్కి వెళ్లింది, మళ్లీ ముందుకి వచ్చింది.

"అయ్యో, కొన్ని ఊడిపోయాయి. జిగురు సరిగా అంటలేదమ్మా."

"జిగురు అంటిందండీ," అంది ఆమె. "చీలలే నిలవలేదు."

"అంటే?"

"మీ నిబంధన ప్రకారం కొడితే ఆ వాలు మీద ఊడి పడేవి. రోజుకి ముప్పై, నలభై. ఇది ఎండలు ముదిరిన నెల కాబట్టి నలభై ఒకటి. ఉన్నది ఉన్నట్టు కట్టాం."

స్కేలు గారు లేచి నిలబడ్డాడు. పుస్తకం తెరవబోయి మూశాడు. "అది పుస్తకంలో లేదమ్మా."

"లేదండీ."

"చూసేవాళ్లు పుస్తకం చూడరు, ఈ ఖాళీలు చూస్తారు. సంఘం పని ఇంత నాసిగా ఉందా అనుకుంటారు. నాలుగు రోజుల ప్రదర్శన. ఆ నలభై ఒకటీ తిరిగి పెట్టేయండి. పెద్ద హాలు, మధ్య స్థలం. నాది మాట."

"పెట్టను."

"పక్క హాలుకి పోతుంది మరి."

"పక్క హాలుకీ రాదు. ఇందులో కల్పన ఒక్క రాయి కూడా లేదు. పడ్డ చీలలతో వస్తే వస్తుంది, లేకపోతే ఈ గదిలోనే ఉంటుంది. చూడాలనుకున్నవాళ్లు మా మెట్లెక్కి వస్తారు." గొంతు పెద్దది చెయ్యలేదు. చేతులు మాత్రం వెనక్కి కట్టుకుంది.

టైమ్ కీపరు గుమ్మంలో పళ్లెం పట్టుకుని ఉన్నాడు. జోకు వెయ్యలేదు.

కిటికీ దగ్గర కుర్చీ కిర్రుమంది. తండ్రి లేచాడు. వచ్చి బల్ల పక్కన నిలబడి, స్కేలు గారిని అడిగాడు. "ఈ వాలు నక్షా మీరు గీశారా అండీ?"

"నేనే గీశాను. రెండుసార్లు."

"వాలు మీద నడిచారా?"

స్కేలు గారు పుస్తకం బల్ల కింద నేల మీద పెట్టాడు. "లేదు," అన్నాడు. "మాకు కొలతలు వచ్చేవి. వాటిని బట్టి గీసేవాళ్లం."

"అయితే రండి."

బల్ల మీది పటకారు తీసుకుని దాని కొసతో గాల్లోనే చూపిస్తూ ఆయన వాలు కింది నుంచి నడవడం మొదలుపెట్టాడు. బల్ల పక్కన ఒక్కో అడుగే వేస్తున్నాడు, ఒక్కో అడుగుకీ చెప్తున్నాడు. ఇది అతుకు. ఇది నీడ. ఇక్కడ నీళ్లు కారి చెక్క ఉబ్బేది కాబట్టి పడేవి కావు. ఇక్కడ పడింది రాళ్లలోకి దిగిపోతుంది, వేలు పెట్టి వెతకాలి. గొంతు హెచ్చలేదు, తగ్గలేదు. స్కేలు గారు మొదట చేతులు కట్టుకుని వెంట నడిచాడు. సగం దారిలో భూతద్దం పైకెత్తాడు. ఆ తర్వాత ఆయనకి రుమాలు గుర్తు రాలేదు. ఉత్త నేల మీదే మోకాళ్లు వేశాడు.

"ఇక్కడ వరసగా ఐదు ఉన్నాయేమిటి?"

"సిగ్నలండీ. బండి ఆగి కదిలే చోటు. ఇంజను పట్టాని వెనక్కి తన్నే చోటు."

"వెనక్కి," అన్నాడు స్కేలు గారు. నెమ్మదిగా, తనలో తను కొలుచుకుంటున్నట్టు. "ఎక్కేటప్పుడు వెనక్కి. అవును, వెనక్కే." పుస్తకం బల్ల కింద నేల మీద ఉంది. దాని వైపు చూడలేదు. "మీరు మొదట్లో కొట్టినట్టు కొడితే?"

"మూడు నెలల్లో రెండు పడ్డాయి."

"మరి ఎందుకు తిప్పారు?"

ఆమె తండ్రి చేతుల వైపు చూసింది. ఆయన చొక్కా గుండీ తడుముకోలేదు.

"తిప్పమన్నారు. తిప్పాను. తప్పు నాదేనని రాసిచ్చాను కూడా. రాసింది అబద్ధం. పంతొమ్మిదేళ్లు ఏరింది నిజం. ఆ నిజం ఇదిగో, ఇక్కడ పడి ఉంది. దీన్ని ఎవరూ ఎత్తి లోపల పెట్టొద్దు."

స్కేలు గారు బల్ల అంచు పట్టుకుని లేచాడు. మోకాళ్ల మీద దుమ్ము అంటుకుంది, దులుపుకోలేదు. కాగితాల అట్ట తీసి ఆమె పేరు ఉన్న కాగితం పైకి తెచ్చుకున్నాడు.

"పెద్ద హాల్లో పెడితే జనం ఆగి అడుగుతారు," అన్నాడు. వాదిస్తున్నట్టు లేదు ఇప్పుడు. నిజంగానే తెలుసుకోవాలని ఉన్నట్టుంది. "ఈ చీలలు కింద ఎందుకు పడ్డాయి అని ప్రతివాడూ అడుగుతాడు. నేనేం చెప్పను?"

"మీరేమీ చెప్పక్కర్లేదండీ," అన్నాడు కీమ్యాను. "దీని పక్కన నాకొక కుర్చీ వెయ్యండి. వీపు ఆనుకునేది. నాలుగు రోజులూ నేనే కూర్చుంటాను. అడిగినవాడికల్లా నేనే చెప్తాను."

స్కేలు గారు తప్పులు అన్న గడిలో అడ్డంగా ఒక గీత గీశాడు. దాని కింద, హాల్లో కావలసిన సామాను అన్న చోట, నక్షా మీద రాసినట్టు ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: కుర్చీ, ఒకటి. కాసేపు చూసి, పక్కన ఇంకో మాట చేర్చాడు: వీపుతో.